లాట్ లోయ నుంచి డొర్డోన్ దాకా: రెండో విడత సైకిల్ యాత్ర

కిందటేడు మే నెలలో నైరుతి ఫ్రాన్స్‌లో కొండ మీదున్న సాన్-సిర్-లపోపీ అనే ఊరికి ఎక్కుతూ మొదటి మలుపు దగ్గరే సైకిల్ దిగి, హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ పైదాకా నడిచాను. ఈ ఏడు అదే ఎక్కుడు కాలు కింద పెట్టకుండా ఎక్కాను. ఈ ఏడాదిలో ఏం మార్చానో, దారిలో ఏం చూశానో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. ఫ్రాన్స్‌లో ఉన్న మనవాళ్లలో ఎవరైనా ఈ దారిన బయల్దేరితే పనికొస్తుంది.

నేను ఉద్యోగం కోసం టూలూజ్ వచ్చి నాలుగేళ్లయింది. సైకిల్ మొదలుపెట్టింది మాత్రం మిడి కాలువ గట్టు మీద. 17వ శతాబ్దంలో పియర్-పాల్ రికే తవ్వించిన కాలువ అది. గట్టంతా చదునే, పైన చెట్ల నీడ. అక్కడ రోజుకు 80 కి.మీ. అలవోకగా తొక్కేసరికి ఇక ఎక్కడికైనా వెళ్లగలననుకున్నాను. ఉత్తరాన లాట్ లోయలో 30 కి.మీ. దాటేసరికే తొడలు బిగుసుకుపోయాయి. ఈ ప్రాంతంలో చూడదగ్గవన్నీ ఎత్తు మీదే ఉంటాయి. 1337 నుంచి 1453 దాకా సాగిన నూరేళ్ల యుద్ధంలో ఈ లోయలు ఇంగ్లండ్, ఫ్రాన్స్ పక్షాల మధ్య నలిగాయి. శత్రువు ఎక్కలేని చోటు చూసుకుని కోటలు కట్టారు. కారులో వెళ్తే ఆ సంగతి బోర్డు మీద చదువుతాం. సైకిల్ మీద వెళ్తే ఆ రాయి మీదే కోట ఎందుకు కట్టారో మోకాళ్లకు తెలుస్తుంది. నేను మళ్లీ మళ్లీ ఇటే రావడానికి కారణం అదే.

ముందు సైకిల్ సంగతి. కిందటేడు నా చిన్న గేరు ముందు 34 పళ్లు, వెనక 28. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు 9 కి.మీ. పైనే వేగం వస్తుంది. పది శాతం వాలులో, సామానుతో, ఆ వేగం నా కాళ్ల వల్ల కాదు. వేగం తగ్గిస్తే పెడల్ తిరగదు, మోకాలు పట్టేస్తుంది. ఈసారి ముందు 30, వెనక 36 పళ్లు వేయించాను. అదే 60 సార్లు తిప్పితే ఆరున్నర కి.మీ. నడక కన్నా కాస్త ఎక్కువ, అంతే. కానీ ఊపిరి మన చేతిలో ఉంటుంది. వెనక క్యాసెట్ (పళ్ల చక్రాల దొంతర) ఒక్కటే మారిస్తే సరిపోదు, 36 పళ్లు అందుకునేలా గేరు మార్చే డిరైలర్‌నూ మార్చాల్సి వచ్చింది. చైన్ కూడా కొత్తదే.

రెండోది బరువు. కిందటేడు సామాను 19 కిలోలు, ఈసారి 11. జీన్స్, రెండో జత బూట్లు, లావు దుప్పటి, పెద్ద గిన్నె ఇంట్లోనే ఉండిపోయాయి. టెంట్, పల్చటి స్లీపింగ్ బ్యాగ్, రెండు జతల బట్టలు, చిన్న గ్యాస్ స్టవ్వు, ఒక గిన్నె, టూల్స్, రెండు ట్యూబులు మాత్రం పట్టుకెళ్లాను. గోంగూర పచ్చడి చిన్న సీసా వదల్లేదు. ఇక్కడి సూపర్‌మార్కెట్లలో సన్న గోధుమ రవ్వ దొరుకుతుంది, క్యాంపింగ్‌లో పది నిమిషాల్లో ఉప్మా అయిపోతుంది.

మొదటి రోజు, కాఓర్ నుంచి కాబ్రెరే, 40 కి.మీ.

టూలూజ్ నుంచి కాఓర్‌కు ప్రాంతీయ రైలు. సైకిల్‌ను విప్పకుండానే ఎక్కించొచ్చు. పెట్టెలో హుక్కులు కొన్నే ఉంటాయి కాబట్టి పొద్దుటి రైలు పట్టుకోవడం మేలు. సామాను సంచులు ప్లాట్‌ఫామ్ మీదే విప్పేసి ఉంచుకుంటే ఎక్కించేటప్పుడు టెన్షన్ ఉండదు.

కాఓర్‌లో స్టేషన్ నుంచి నేరుగా వలాంత్రే వంతెనకు వెళ్లాను. 1308లో మొదలుపెట్టి డెబ్బై ఏళ్లు కట్టారు, మూడు బురుజులు. ఆలస్యానికి తాళలేక మేస్త్రీ సైతానుతో బేరం పెట్టుకున్నాడని కథ. ఏం చెప్పినా చేయాలి, బదులుగా ఆత్మ ఇస్తాను అన్నాడట. పని చివరికొచ్చాక జల్లెడతో నీళ్లు మోసుకురమ్మన్నాడు. ఓడిపోయిన సైతాను కోపంతో నడిమి బురుజు మూలరాయిని రోజూ రాత్రి పీకేసేవాడట. 1879లో మరమ్మతు చేయించిన ఆర్కిటెక్టు పాల్ గూ ఆ మూలన రాయి పీకుతున్న చిన్న సైతాను బొమ్మ చెక్కించి పెట్టాడు. చాలా పైన ఉంటుంది, మెడ బాగా ఎత్తి వెతకాలి.

అక్కడి నుంచి లాట్ నది వెంట తూర్పుకు. దారి దాదాపు చదును, ఒక పక్క నది, ఒక పక్క సున్నపురాయి గోడ. 25 కి.మీ. దాటాక నది దాటితే సాన్-సిర్-లపోపీ ఎక్కుడు మొదలవుతుంది. రెండు కిలోమీటర్లలో సుమారు వంద మీటర్ల ఎత్తు. కింద నుంచే చిన్న గేరులో పెట్టేశాను. కిందటేడు చేసిన తప్పు, మొదటి మలుపు దాకా పెద్ద గేరులో ఊపుగా వెళ్లి, బరువు పడ్డాక మార్చబోవడం. అప్పుడు చైన్ కటకటమని ఇరుక్కుని ఆగిపోయింది. ఈసారి ముక్కుతో ఊపిరి తీసుకోగలిగినంత వేగమే పెట్టుకున్నాను. నోరు తెరవాల్సి వస్తే ఇంకా నెమ్మది. కిందటేడు సైకిల్ ఆపి కూర్చున్న రాతి గోడ వచ్చింది. దాటేశాను. పైన చర్చి దగ్గర బ్రేకు వేసేసరికి కళ్లు చెమర్చాయి. కింద నది పచ్చగా, మడత పెట్టిన చీర అంచులా కనిపిస్తుంది. కవి ఆండ్రే బ్రెటాన్ ఈ ఊరిని చూసి ఇల్లు కొనుక్కుని, చివరిదాకా వేసవులు ఇక్కడే గడిపాడు. ఎందుకో అడగక్కర్లేదు.

రెండో రోజు, ఫిజాక్ దాకా, 55 కి.మీ.

పెష్ మెర్ల్ గుహ కాబ్రెరే ఊరి పైన. దారి కొద్దిదూరమే అయినా బాగా నిటారు. 1922లో ఇద్దరు కుర్రాళ్లు ఈ గుహలో పాకుతూ వెళ్లి బొమ్మలు కనిపెట్టారు. ఇలాంటి బొమ్మలకే పేరున్న లాస్కో గుహలో ఇప్పుడు నకలే చూపిస్తారు, ఇక్కడ మాత్రం అసలుదే చూడొచ్చు. రోజుకు ఇంతమందే అని లెక్క ఉంటుంది కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. లోపల చలి. చెమట పట్టిన చొక్కాతో దిగితే వణుకు పుడుతుంది, పొడి చొక్కా ఒకటి చేతికందేలా పెట్టుకోండి.

రెండు చుక్కల గుర్రాలు ఎదురెదురు దిశల్లో, వెనక భాగాలు ఒకదాని మీదొకటి కాస్త పడేలా ఉంటాయి. సుమారు 29,000 ఏళ్ల నాటివి. కుడివైపు గుర్రం తలకు రాతి అంచే ఆకారం ఇచ్చింది. చుట్టూ చేతి గుర్తులు. అరచేయి గోడకు ఆనించి రంగు ఊదితే మిగిలిన ఖాళీలు అవి. మా ఊళ్లో గృహప్రవేశం నాడు పసుపు చేతులు గోడకు అద్దడం గుర్తొచ్చింది. ఇంకో చోట గట్టిపడ్డ మట్టిలో ఒక పిల్లవాడి పాదాల గుర్తులు. అక్కడ గైడ్ గొంతు తగ్గించింది, మేమంతా కదలకుండా నిలబడిపోయాం.

తర్వాత సెలే నది వెంట రోజంతా. ఈ యాత్రలో తొక్కడానికి అన్నిటికన్నా హాయైన దారి ఇదే. కార్లు తక్కువ, ఎక్కుడు దిగుళ్లు చిన్నవి, మార్సియాక్‌లో సగం కూలిన మఠం. ఒక్కటే ఇబ్బంది, కొట్లు. మధ్యాహ్నం రెండు గంటలపాటు మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత దాదాపు అన్నీ మూతే, సోమవారం చాలా బేకరీలకు సెలవు. పన్నెండులోపే రొట్టె కొనేయాలి.

ఫిజాక్ ఈజిప్టు లిపి చదివిన షాంపోలియాన్ పుట్టిన ఊరు, 1790లో. ఆయన ఇంటి వెనక వాకిట్లో, ఆ లిపి చదవడానికి ఆధారమైన రోసెట్టా రాతి నకలు పెద్దగా నేల మీద పరిచి ఉంది, కళాకారుడు జోసెఫ్ కోసుత్ 1991లో చేసింది. దాని మీద నడవొచ్చు. సాయంత్రం అక్షరాల మధ్య కూర్చుని చైన్‌కు నూనె వేసుకున్నాను, నల్లరాయి మీద చుక్క పడకుండా కింద పేపరు పరిచి.

మూడో రోజు, రొకమదూర్, 52 కి.మీ.

కష్టమంతా ఈ రోజే. లోయ వదిలి కోస్ అనే సున్నపురాయి మెట్ట మీదకు ఎక్కాలి. పైన వాన నీరు నిలవదు, రాతి పగుళ్లలోంచి కిందికి ఇంకిపోతుంది. అందుకే వాగులు కనబడవు, కింద గుహలు మాత్రం బోలెడు. దగ్గర్లోని పదిరాక్ బిలం అలా ఏర్పడిందే, నోటి దగ్గరే 75 మీటర్ల లోతు. మూడు లీటర్ల నీళ్లు పెట్టుకుని బయల్దేరాను, అయినా మధ్యాహ్నానికి అయిపోయాయి. ఇక్కడ సైక్లిస్టులందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది: పల్లెల్లో శ్మశానాల గేటు దగ్గర పూలకుండీల కోసం కుళాయి ఉంటుంది. తాగేవి కావని బోర్డు లేదని చూసుకుని పట్టుకోవాలి. మొదట మనసొప్పలేదు. లోపలికి నమస్కారం పెట్టి పట్టుకున్నాను.

గ్రామా అనే ఊరు దాటాక కంకర దారి పట్టాను. వెనక చక్రం తిరిగినప్పుడల్లా టక్ టక్‌మని చప్పుడు. దిగి చూస్తే టైరు పక్కగోడకు గోరంత కోత, అందులోంచి ట్యూబ్ శనగగింజంత బుడగలా బయటికి పొంగింది. పదునైన సున్నపురాయి పని. ఇంకో వంద మీటర్లు వెళ్తే పేలేది. గాలి తీసేసి, పాత టైరు నుంచి కోసి దాచుకున్న రెండంగుళాల ముక్కను లోపలి వైపు కోతకు ఆనించి, ట్యూబ్ ఎక్కించి, గాలి ఒత్తిడి నాలుగు బార్లకు బదులు మూడే ఉండేలా కొట్టాను. ఆ ముక్క మిగతా 130 కి.మీ. నిలబడింది. ట్యూబ్ ప్యాచీలు అందరూ తెచ్చుకుంటారు, ఈ టైరు ముక్క కూడా తప్పకుండా పెట్టుకోండి. బరువు ఏమీ ఉండదు.

రొకమదూర్‌ను మొదట పైనున్న లోస్పితాలే అనే పల్లె నుంచి చూడాలి. కింద లోయ, దాని మీద ఇళ్లు, ఇళ్ల మీద గుళ్లు, గుళ్ల మీద కోట, అన్నీ ఒకే కొండచరియకు అతుక్కుని ఉంటాయి. క్యాంపింగ్ కూడా ఆ పైనే, కాబట్టి సామాను అక్కడ దింపి ఖాళీ సైకిల్‌తో కిందికి దిగాను. గుళ్లకు 216 మెట్లు. పూర్వం యాత్రికులు మోకాళ్ల మీద ఎక్కేవారు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర అమ్మ అలా ఎక్కడం చిన్నప్పుడు చూశాను, అందుకే ఆ మెట్లు నాకు కొత్తగా అనిపించలేదు. పైన గుడిలో ముప్పావు మీటరు కూడా లేని నల్లటి మేరీ మాత విగ్రహం, వాల్‌నట్ కర్రతో చేసింది. పైకప్పుకు చిన్న ఓడల బొమ్మలు వేలాడుతుంటాయి, సముద్రంలో ప్రాణాలు దక్కినవాళ్ల మొక్కులు. బయట గోడ రాతిలో దిగబడి ఉండే, కథల్లోని ఫ్రెంచి వీరుడు రోలాండ్‌దని చెప్పే కత్తి 2024లో మాయమైంది. అదీ నకలే, అయినా అక్కడివాళ్లకు బెంగగానే ఉంది.

నాలుగు, ఐదు రోజులు, 115 కి.మీ.

సూయాక్ మీదుగా సార్లా. ఈ రెండు ఊళ్ల మధ్య పాత రైలు పట్టాల దారినే సైకిల్ బాటగా మార్చారు, వాలు తెలియదు. కాళ్లకు విశ్రాంతి రోజు. సార్లాలో శనివారం సంత దొరికింది. అక్రోట్లు, రొకమదూర్ మేకపాల జున్ను కొన్నాను. శాకాహారులకు ఈ ప్రాంతంలో హోటల్ భోజనం కష్టం, అంతా బాతు మాంసమే. సంత, బేకరీ నమ్ముకోవాలి.

ఆఖరి రోజు డొర్డోన్ నది కోటలు. బేనాక్, దానికి ఎదురుగా కాస్టెల్నో, యుద్ధంలో చెరో పక్షం. నది మధ్య వంతెన మీద ఆగితే రెండూ కనిపిస్తాయి. చివరి ఎక్కుడు డోమ్, 1281లో కట్టిన కోట ఊరు. ఎనిమిది, తొమ్మిది శాతం వాలు, మధ్యలో ఒకసారి నీళ్ల కోసం ఆగాను. ఇక్కడి ద్వారంలో 1307 తర్వాత టెంప్లర్ అనే క్రైస్తవ మత యోధుల సంఘం సైనికులను బంధిస్తే, వాళ్లు గోడల మీద శిలువలు, బొమ్మలు గీసుకున్నారు.

గూర్డాన్‌లో రైలు ఎక్కేసరికి మొత్తం 262 కి.మీ., ఎక్కిన ఎత్తు దాదాపు 2,900 మీటర్లు. కిందటేడు ఆరు రోజుల్లో 190. వెనక బ్రేకు ప్యాడ్లు గీత దాకా అరిగిపోయాయి. పొడవాటి దిగుళ్లలో బ్రేకు పట్టే ఉంచేశాను, వదిలి వదిలి పట్టడం ఇంకా అలవాటు కాలేదు. సెప్టెంబర్‌లో ఫిజాక్ నుంచి కాంక్ మఠానికి వెళ్లాలి. ఆ లోపు కొత్త ప్యాడ్లు, పక్కగోడ గట్టిగా ఉన్న టైరు, వారానికి రెండుసార్లు టూలూజ్ దక్షిణపు గుట్టల మీద దిగుళ్ల ప్రాక్టీసు.