స్ట్రోకు పెంచాక పిస్టన్ తల జోలికి పోకండి

యమహా టూస్ట్రోక్ బండి ఆర్ఎక్స్ 135 క్రాంకు పిన్ను 2 ఎంఎం బయటికి జరిపితే స్ట్రోకు, అంటే పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం, 50 నుంచి 54 ఎంఎం అవుతుంది. బోరు (సిలిండరు) లోపలి వ్యాసం 58 కాబట్టి 132 సీసీ బండి 142.7 సీసీ అవుతుంది. అక్కడివరకూ నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోలులోనో మంచి లేత్ మేస్త్రీ చూసుకుంటాడు. ఇప్పుడు పిస్టన్ పైకి 2 ఎంఎం ఎక్కువ పోతుంది, కిందికీ అంతే దిగుతుంది. పైకి పొడుచుకొచ్చిన ఆ 2 ఎంఎం ఏం చేయాలన్నదే అసలు పని.

పిస్టన్ తల 2 ఎంఎం కోయించడం చవక. కానీ తల పలచనై వేడికి కుంగుతుంది, పై రింగు మీది గట్టు విరుగుతుంది. ఇంకో నష్టం పోర్టుల్లో, అంటే బోరు గోడలో గ్యాసు వచ్చిపోయే కిటికీల్లో, ఉంది. 100 ఎంఎం రాడ్డు, బోరు పైఅంచు నుంచి ఎగ్జాస్ట్ (పొగ పోయేది) 28, ట్రాన్స్‌ఫర్ (కింది నుంచి పెట్రోలు-గాలి వచ్చేది) 38 ఎంఎం కింద ఉన్నాయనుకుని లెక్క వేయండి. పాత స్ట్రోకుతో క్రాంకు ఒక చుట్టులో ఎగ్జాస్ట్ 181 డిగ్రీలు తెరిచి ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ 131. తల కోస్తే 191, 147 అవుతాయి. బోరు కింద 2 ఎంఎం ప్లేటు వేసినా ఇవే అంకెలు. తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు చచ్చిపోతుంది. పిస్టన్‌ని అలాగే ఉంచి హెడ్డులో చోటిస్తే 183, 138 దగ్గర ఆగుతాయి. ఎగ్జాస్ట్ పైఅంచు 1 ఎంఎం ఫైలు పడితే 187. రోడ్డు బండికి అది చక్కగా సరిపోతుంది.

హెడ్డులో 59 ఎంఎం వ్యాసంతో పిస్టన్ తల వాలుకి సరిపడా గాడి తిప్పించండి. గ్యాస్కెట్ రంధ్రం కూడా 59కి తక్కువ ఉండకూడదు. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: స్క్విష్ పట్టీ (హెడ్డులో గిన్నె చుట్టూ పిస్టన్ అంచుకి దగ్గరగా ఉండే వలయం) 2 ఎంఎం పైకి జరిగితే లోపలి గిన్నె లోతు అంతే తగ్గుతుంది. 41 వ్యాసం గిన్నెకి అది 2.6 సీసీ. ఆ చోటు తిరిగి ఇవ్వకపోతే నాకింగ్ (మిశ్రమం దానంతట అదే పేలి టకటకమనడం) ఖాయం. అలాగని ప్లగ్గు చుట్టూ చెక్కితే దాని మరలు లోపలికి బయటపడి ఎర్రగా కాలి, స్పార్కు కంటే ముందే మంట పుట్టిస్తాయి. అందుకని గోడల వాలులోనే తీయాలి. గిన్నె నోరు 43 దాకా వెడల్పు చేసినా బోరు వైశాల్యంలో 45 శాతం స్క్విష్ మిగులుతుంది.

స్క్విష్ సందు 0.9 నుంచి 1.0 ఎంఎం. రేడియో రిపేరు షాపు సీసం తీగ, 1.5 లేదా 2 ఎంఎంది, గడ్జన్ పిన్ను (పిస్టన్‌ని రాడ్డుకి కలిపేది) వరుసలో రెండు వైపులా పెట్టి, హెడ్డు పూర్తిగా బిగించి ఒక్కసారి తిప్పి, నలిగిన చోట వెర్నియర్‌తో కొలవండి. ముందూ వెనకా పెడితే పిస్టన్ ఊగి తప్పు చూపిస్తుంది. 0.7 లోపుకి పోతే ఎక్కువ ఆర్‌పీఎంలో తల తగులుతుంది.

తర్వాత పిస్టన్ పైన నిలిపి, ప్లగ్గు రంధ్రంలోంచి సిరంజితో కిరోసిన్, టూటీ ఆయిల్ కలిపి పైఅంచు దాకా నింపండి. 12.7 ఎంఎం పొడవు మర ఉన్న ప్లగ్గయితే పట్టినదాంట్లో 2 సీసీ తీసేయండి. 13 సీసీ మిగిలితే మొత్తం స్ట్రోకు లెక్కన కంప్రెషన్ నిష్పత్తి 12. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కావలి-నెల్లూరు హైవే మీద థ్రాటిల్ దించకుండా పోయేవాళ్లకి 13.6 సీసీ, అంటే 11.5, మేలు.

పిస్టన్ కింద స్కర్టు క్రాంకుకి తగలకుండా 1.5 ఎంఎం సందు కావాలి. రీడ్ వాల్వ్ (ఇన్‌లెట్‌లో ఒకవైపే తెరుచుకునే రేకు) ఉంది కాబట్టి ఇన్‌లెట్ వైపు కోసినా ఫర్వాలేదు. ఎగ్జాస్ట్ వైపు మాత్రం పిస్టన్ పైనున్నప్పుడు స్కర్టు పోర్టు కింది అంచుని మూసే ఉండాలి. కొద్దిగా తెరుచుకున్నా పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది, బండి ఐడిల్‌లో నిలవదు. పై రింగు బోరు పైఅంచుకి కనీసం 1 ఎంఎం కిందే ఆగాలి. రింగు చివరలు ఏ పోర్టు మీదుగానూ పోకూడదు.

డయల్ గేజ్‌తో స్పార్కు టైమింగ్ పెట్టేటప్పుడు, పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని ఎంఎం ముందు స్పార్కు రావాలో చెప్పే పాత అంకె పనికిరాదు. స్ట్రోకు పెరిగింది గనక అదే డిగ్రీకి దాదాపు 10 శాతం ఎక్కువ కావాలి, 1.8 ఉంటే 2.0. కంప్రెషన్ పెంచినవాళ్లు అక్కడినుంచి ఒకట్రెండు డిగ్రీలు వెనక్కి తెచ్చి, ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది వేయండి.