యాభై లక్షల చేపలు సరే, ఏ చేపలు?

అమెరికాలో మా పోర్ట్‌లాండ్ వైపు కొలంబియా నది చేపల గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒక అంకె దగ్గరికి వస్తారు: 50 లక్షలు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి తిరిగొచ్చే సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలు ఏటా సగటున 50 లక్షలు ఉండాలి, అది కూడా 2025 కల్లా. వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో, మోంటానా రాష్ట్రాలు 1980 నాటి చట్టం కింద కలిసి నడిపే నార్త్‌వెస్ట్ పవర్ అండ్ కన్జర్వేషన్ కౌన్సిల్ చేపల, వన్యప్రాణుల కోసం రాసుకున్న తన 2014 ప్రోగ్రామ్‌లో పెట్టుకున్న లక్ష్యం ఇది. గడువు వచ్చేసింది, చేపలు మాత్రం దాదాపు సగం దారిలోనే ఉన్నాయి.

అంకె పెద్దదని నేను అనను. డ్యామ్‌లు లేని రోజుల్లో ఏటా కోటి నుంచి కోటీ అరవై లక్షల దాకా వచ్చేవని ఆ కౌన్సిలే అంచనా కట్టింది, దాంతో పోలిస్తే 50 లక్షలు తక్కువే. నా గొడవల్లా ఆ 50 లక్షలు ఏ చేపలన్నదే. హేచరీలో పెంచి వదిలినవా, నదిలోనే పుట్టినవా? సముద్రానికి దగ్గరున్న బానవిల్ డ్యామ్‌కి కింద పుట్టినవా, దాని పైన పుట్టినవా? పైన పుట్టినవాటికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆ లక్ష్యంలో రాశారు గానీ, ఎంత అన్నది ఆ వాక్యంలో లేదు. అంత పెద్ద మొత్తంలో ఒక ఉపనది చేపలు పూర్తిగా మాయమైపోయినా తెలియదు. 1992లో నదికి చేపలు లక్షల్లోనే వచ్చాయి, కానీ ఐడహోలోని రెడ్‌ఫిష్ లేక్‌కి ఆ ఏడాది చేరిన సాకై సాల్మన్ ఒక్కటంటే ఒక్కటే. సముద్రం నుంచి ఎనిమిది డ్యామ్‌లు దాటుకుని, 1400 కిలోమీటర్లకు పైగా ఎదురీది వచ్చిన చేప అది. (గోదావరి వాళ్లకి ఈ బాధ కొత్త కాదు, పులస కూడా అలాగే ఎదురీదుతూ వచ్చి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది.)

అదే ప్రోగ్రామ్‌లో ఇంకో లక్ష్యం ఉంది, జనానికి అంతగా తెలియదు గానీ నా దృష్టిలో అదే అసలైనది. కొలంబియాలో కలిసే స్నేక్ నది నుంచి, కొలంబియా ఎగువ నుంచి సముద్రానికి వెళ్లే ప్రతి వంద పిల్ల చేపల్లో పెద్దవై తిరిగొచ్చేవి 2 నుంచి 6 మధ్య ఉండాలి, సగటున 4. బియ్యపు గింజంత ట్యాగ్ పిల్ల చేప ఒంట్లో పెడతారు, డ్యామ్‌ల దగ్గర పెట్టిన రీడర్ పక్కగా వెళ్తే అది నమోదవుతుంది, మళ్లీ పెద్దదై వచ్చినా తెలుస్తుంది కాబట్టి దీన్ని నిజంగా కొలవొచ్చు. హేచరీ నుంచి ఇంకో పది లక్షల పిల్లల్ని వదిలినంత మాత్రాన ఈ శాతం పెరగదు, దారిలో చావులు తగ్గితేనే పెరుగుతుంది. స్నేక్ నదిలో పుట్టిన స్ప్రింగ్ చినూక్ (వసంతంలో నదికి తిరిగొచ్చే ఒక రకం సాల్మన్) విషయంలో ఇది చాలా ఏళ్లు 2 శాతం కిందే ఉంది. ఈ ఒక్క ముక్క ఎంత సంగతి చెబుతోందో చూడండి.

సముద్రం బాగున్న ఏడాది చేపలు ఎక్కువొస్తాయి, బాగోలేనప్పుడు తగ్గుతాయి, అది మా చేతుల్లో లేదు కదా అని ప్రోగ్రామ్ నడిపేవాళ్లు అంటారు. నిజమే. అందుకే ఒక్క ఏడాది లెక్క కాకుండా పదేళ్ల సగటు చూడాలి. కానీ ఆ సాకుతో చేపల్ని వదిలేసి, ఎన్ని మైళ్ల వాగు బాగుచేశాం, ఎన్ని డాలర్లు ఖర్చు పెట్టాం అనేవే లక్ష్యాలుగా రాసుకోవడం నాకు అస్సలు నచ్చదు. అది చేసిన పని లెక్క, దాని వల్ల ఏం జరిగిందో అందులో ఉండదు.

వన్యప్రాణుల వైపు ఇదే చిక్కు. రిజర్వాయర్లలో మునిగిపోయిన ఆవాసాన్ని హ్యాబిటాట్ యూనిట్లలో (ఎంత ఆవాసం, అది ఎంత మంచిది అన్నవి కలిపి కొలిచే లెక్క) లెక్కగట్టి, దానికి బదులుగా భూములు కొంటూ వచ్చారు. మంచి పనే, ఆ భూములు దక్కాయి. అయితే కొన్న భూమిలో ఎల్క్‌లు, బీవర్‌లు, పక్షులు నిలదొక్కుకున్నాయా అన్నది ఎకరాల లెక్కలో కనిపించదు.

లక్ష్యం ఎలా రాయాలో చూపించే ఉదాహరణ ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంది. నార్తర్న్ పైక్‌మినో అనే చేప సాల్మన్ పిల్లల్ని తింటుంది. వీటిలో తొమ్మిది అంగుళాలు, ఆపైన ఉన్నవాటిలో ఏటా 10 నుంచి 20 శాతం పట్టేయాలని పెట్టుకుని, పట్టి తెచ్చినవాళ్లకి చేపకింత అని డబ్బిస్తారు. కొన్నిటికి ముందే ట్యాగ్ వేసి వదులుతారు, వాటిలో ఎన్ని దొరికాయో చూసి మొత్తం మీద ఎంత శాతం పట్టుబడిందో లెక్క కడతారు. ఏ చేప, ఎంత సైజు, ఎంత భాగం, ఎలా కొలవాలి, అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇంకో పక్క ల్యాంప్రే ఉంది. పాములా పొడుగ్గా ఉండే ఈ జీవి ఇక్కడి ఆదివాసీ తెగలకు తరతరాల ఆహారం. సాల్మన్ డ్యామ్ ఎక్కడానికి కట్టిన మెట్ల లాంటి నీటిదారుల్లో (ఫిష్ ల్యాడర్లు) నీటి వేగం, పదునైన మూలలు దీనికి పడవు, పైగా ఎక్కువగా రాత్రిపూట కదులుతుంది కాబట్టి పగటి లెక్కలో చాలా వరకు దొరకదు. సాల్మన్‌కి ఉన్నట్టే దీనికీ సొంత అంకె, సొంత గడువు ఉండాలని, రాత్రి లెక్క కూడా అందులో కలవాలని నేను గట్టిగా నమ్ముతాను.

కొలంబియా ఎగువన ఉన్న గ్రాండ్ కూలీ డ్యామ్ పైకి సాల్మన్ తమంతట తాము వెళ్లి ఎనభై ఏళ్లు దాటింది. అక్కడికి మళ్లీ చేపల్ని తెచ్చే పనికి 20 ఏళ్లలో 20 కోట్ల డాలర్లు ఇచ్చేలా 2023లో అమెరికా ప్రభుత్వానికి మూడు ఆదివాసీ తెగలతో ఒప్పందం కుదిరింది. అక్కడ పాత సగటు అంటూ ఏమీ లేదు, కాబట్టి మొదట పెట్టుకోవాల్సిన లక్ష్యాలు చిన్నవే: వదిలిన పిల్లల్లో ఎన్ని గ్రాండ్ కూలీ, దాని దిగువన ఉన్న చీఫ్ జోసెఫ్ డ్యామ్‌లు దాటి బతికి సముద్రం వైపు వెళ్లాయి, పెద్దవై వెనక్కి వచ్చినవాటిలో ఎన్నిటిని పైకి చేర్చగలిగాం, పైన ఎన్ని చేపలు గుడ్లు పెట్టాయి. ఈ మూడూ విడివిడిగా, ఏడాది వేసి, ఇప్పుడే రాసి పెట్టాలి.