రెండు గ్రాఫిక్స్ కార్డులకు పని పంచిన నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మాది ఒక చిన్న ఎడిటింగ్ గది. పెళ్ళి వీడియోలు కట్ చేస్తాం, వాట్సాప్‌లో పంపుకునే శుభలేఖ వీడియోలు తయారుచేస్తాం. మొదటిదానికి డావిన్సీ రిజాల్వ్, రెండోదానికి బ్లెండర్ వాడతాం. ముహూర్తాలు మొదలైతే రెండు పనులూ ఒకేసారి మీద పడతాయి. ఉన్న కంప్యూటరు మాత్రం ఒక్కటే.

పోయిన మాఘమాసంలో తెనాలి పెళ్ళి ఒకటి రిజాల్వ్‌లో కట్ చేస్తూ, వెనకాల బ్లెండర్‌లో వేరేవాళ్ళ శుభలేఖ రెండర్‌కి (డిజైన్‌ను ఒక్కో ఫ్రేముగా వీడియోగా మార్చే పని) పెట్టాను. మంగళసూత్రధారణ దగ్గర వీడియో ఆగి ఆగి నడిచింది, కాసేపటికి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మెమరీ నిండిపోయిందని మెసేజ్ వచ్చింది. రెండర్ ఆపితే కటింగ్ సాఫీగా సాగుతోంది. కానీ అవతల పెళ్ళికూతురి నాన్నగారు, "బాబూ, రేపు పొద్దున్నే బంధువులందరికీ పంపాలి" అని రెండోసారి ఫోన్ చేశారు. ఆ రాత్రి కటింగ్ పక్కన పెట్టేసి శుభలేఖ పూర్తిచేశాను. తెనాలి వాళ్ళ వీడియో రెండు రోజులు ఆలస్యమైంది. మాట తప్పినందుకు చాలా బాధపడ్డాను.

అప్పుడు మెషిన్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ మెమరీ. అంతకుముందు వాడిన జీటీఎక్స్ 1650, 4 జీబీది, అట్టపెట్టెలో పడి ఉంది. దాన్ని కూడా పెట్టి, రెండర్ పని మొత్తం దానికి అప్పగిస్తే సరిపోతుందనిపించింది. అరండల్‌పేటలో మాకు తెలిసిన మెకానిక్ తమ్ముణ్ణి అడిగితే, "పెట్టొచ్చన్నా, రెండూ కలిపి 16 జీబీ అవుద్ది" అన్నాడు. అలా కలవదు. ఈ రెండింటినీ ఒక్కటిగా కలిపే ఏర్పాటే వీటిలో లేదు. ఏ కార్డు మెమరీ దానిదే. 1650 మీద రెండర్ చేయాలంటే బ్లెండర్ సీన్ 4 జీబీలో పట్టాలి. మా శుభలేఖల్లో ఒక మండపం, నాలుగు అరటిచెట్లు, పూలదండలు, అక్షరాలు ఉంటాయి, అంతే. ఫుల్ హెచ్‌డీలో అవి పడతాయి. 4కే పెళ్ళి ఫుటేజీకి మాత్రం 12 జీబీ ఉన్నదే కావాలి.

కరెంటు లెక్క ముందే చూసుకున్నాను. 3060కి 170 వాట్లు, 1650కి 75 వాట్లు. మా 1650కి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, స్లాటు నుంచే తీసుకుంటుంది. ప్రాసెసర్ 65 వాట్లది. పవర్ సప్లై 550 వాట్లది కాబట్టి మార్చలేదు.

కార్డు కింది స్లాట్‌లో బిగించి ఆన్ చేస్తే డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌లో ఉన్న పరికరాల జాబితా చూపే విండోస్ పేజీ) కనబడలేదు. తీసి మళ్ళీ పెట్టాం, తుడిచి పెట్టాం. కార్డే పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. చివరికి మదర్‌బోర్డు మాన్యువల్ తెరిస్తే సంగతి తెలిసింది: మా బోర్డులో రెండో ఎం.2 స్లాట్‌లో (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డు మీద బిగించే చోటు) ఎస్‌ఎస్‌డీ ఉంటే కింది గ్రాఫిక్స్ స్లాటు పనిచేయదు. రెండూ ఒకే దారి పంచుకుంటాయి. అన్ని బోర్డులూ ఇలా ఉండవు, అందుకే ముందు మాన్యువల్ చదవాలి. ఆ ఎస్‌ఎస్‌డీ తీసేసి, అందులోని ఫుటేజీని కేబుల్‌తో తగిలించే మామూలు సాటా డ్రైవ్‌లోకి మార్చుకున్నాక కార్డు వెంటనే కనబడింది. రెండూ ఎన్‌విడియావే కాబట్టి ఒకే డ్రైవర్ సరిపోయింది.

ఇక పని పంచడం. మా మెషిన్‌లో విండోస్ 10 ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, దాని కింద గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అనే పేజీ ఉంటుంది. 2018లో వచ్చిన అప్‌డేట్ నుంచి అక్కడ ఒక్కో ప్రోగ్రామ్‌కి పవర్ సేవింగ్ కావాలో, హై పెర్ఫార్మెన్స్ కావాలో చెప్పొచ్చు. బ్లెండర్‌ని పవర్ సేవింగ్‌కి మార్చబోతే రెండు వరుసల్లోనూ 3060 పేరే కనిపించింది. ఈ పేజీ ల్యాప్‌టాప్‌లలో బాగా ఉపయోగపడుతుంది, అక్కడ చిన్న జీపీయూ, పెద్ద జీపీయూ వేరువేరుగా ఉంటాయి. విండోస్ 11లోనైతే కార్డును పేరుతోనే ఎంచుకోవచ్చు. కానీ అది కూడా మా అవసరానికి చాలదు. ఆ సెట్టింగ్ బొమ్మను తెరమీద గీసే పనికి సంబంధించింది. బ్లెండర్‌లో రెండర్ చేసే సైకిల్స్ అనే భాగం, కుడా (ఎన్‌విడియా కార్డులతో లెక్కలు చేయించే ఏర్పాటు) ద్వారా నేరుగా కార్డుతో మాట్లాడుతుంది, విండోస్ చెప్పినదాన్ని పట్టించుకోదు. ఈ తేడా అర్థం కావడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

రిజాల్వ్ సంగతి తేలిగ్గానే తెమిలింది. ప్రిఫరెన్సెస్‌లో మెమరీ అండ్ జీపీయూ పేజీలో ఆటో తీసేసి, కుడా ఎంచుకుని, 3060 ఒక్కదానికే టిక్ పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరిచాను.

బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద కూడా కార్డుల జాబితా ఉంటుంది, 1650కి మాత్రమే టిక్ పెట్టొచ్చు. కానీ నాకు రెండు బ్లెండర్లు కావాలి. ఒకదాంట్లో కూర్చుని కొత్త డిజైన్ చేస్తుంటాను, దానికి 3060 ఉండాలి. రెండోది వెనకాల రెండర్ చేస్తుంటుంది. ప్రిఫరెన్సెస్ రెండింటికీ ఉమ్మడి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్ సెట్టింగ్స్ కింద ఏ ప్రోగ్రామ్ ఏ కార్డు కుడా వాడాలో చెప్పే వీలుంది గానీ, అదీ ఫైలు పేరును బట్టే. రెండు బ్లెండర్లదీ ఒకే ఫైలు కదా.

దారి చూపింది కుడా విజిబుల్ డివైసెస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు చూసుకునే ఒక సెట్టింగ్. అన్నీ పెద్ద అక్షరాల్లో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో రాయాలి. ఒక బ్యాట్ ఫైలులో (కమాండ్లు వరుసగా రాసి పెట్టుకునే ఫైలు) దీనికి కార్డు నంబరు ఇచ్చి, కింది వరుసలో బ్లెండర్‌ని పిలిస్తే, ఆ బ్లెండర్‌కి ఆ కార్డు ఒక్కటే కనిపిస్తుంది. రెండో కార్డు ఉందన్న సంగతే దానికి తెలియదు. అలా రెండు బ్యాట్ ఫైళ్ళు చేసి, ప్రిఫరెన్సెస్‌లో మాత్రం రెండు కార్డులకూ టిక్ ఉంచాను.

మొదటి రాత్రి రెండర్ మళ్ళీ 3060 మీదే నడిచింది! టాస్క్ మేనేజర్‌లో 1650 పక్కన సున్నా ఉందని ఆ నంబరే ఇచ్చాను. కుడా లెక్క వేరు. ఏమీ చెప్పకపోతే అది వేగమైన కార్డునే సున్నా అనుకుంటుంది. కుడా డివైస్ ఆర్డర్ అనే ఇంకో వేరియబుల్‌కి పీసీఐ బస్ ఐడీ అని విలువ ఇస్తే, కార్డులు బోర్డు మీద ఉన్న వరుసలో లెక్కకొస్తాయి. ఎన్‌విడియా ఎస్‌ఎమ్‌ఐ అనే కమాండ్ కూడా అదే వరుస చూపిస్తుంది. అందులో చూసి నంబరు ఇచ్చాక తేడా రాలేదు.

ఒక్క విషయం మాత్రం ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు గంట మిగిలేది. రెండర్ నడుస్తున్నా టాస్క్ మేనేజర్‌లో 1650 దగ్గర దాదాపు ఏమీ కదలదు. అక్కడ మామూలుగా కనబడేది 3డీ గ్రాఫు, కుడా పని అందులో పడదు. గ్రాఫు పైన ఉన్న పేరు నొక్కి కుడాకి మార్చాలి. ఎస్‌ఎమ్‌ఐలో చూస్తే 1650 వాడకం 98 శాతం చూపించింది, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

మానిటర్ కేబుల్ కూడా చూసుకోవాలి. రెండో మానిటర్‌ని 1650కి తగిలించాను, ఆ తెరమీద రిజాల్వ్ ప్రివ్యూ తడబడింది. 3060 తయారుచేసిన ప్రతి ఫ్రేమూ 1650కి కాపీ అయ్యి అక్కడినుంచి తెరకెక్కాలి, ఆ కార్డేమో రెండర్‌లో మునిగి ఉంది. రెండు మానిటర్లూ 3060కే పెట్టేశాను.

30 సెకన్ల శుభలేఖ అంటే 750 ఫ్రేములు. 3060 మీద ఫ్రేముకి 12 సెకన్లు పట్టేది, 1650 మీద 40 పడుతోంది. రెండున్నర గంటల పని ఎనిమిది గంటలు దాటుతోంది. అయినా నాకు ఇదే మేలు. ఆ ఎనిమిది గంటలూ నేను కటింగ్ చేసుకోగలుగుతున్నాను, వీడియో ఎక్కడా ఆగడం లేదు.

ఎండలు ముదిరాక 3060 వేడి 83 డిగ్రీలకి చేరింది. కింద ఉన్న 1650 దాని ఫ్యాన్లకి గాలి అడ్డుతోంది. క్యాబినెట్ ముందు ఇంకో ఫ్యాన్ పెట్టిస్తే 76కి తగ్గింది. మే నెలంతా మధ్యాహ్నం రెండర్లు మానేసి రాత్రి పది తర్వాతే పెట్టాను.