అమ్మమ్మ ఇత్తడి కెటిల్‌లో టీ కాచుకోవచ్చా?

డాలస్‌లో ఉన్న మా అక్క ఈ సంక్రాంతికి ఒకటే అడిగింది. అటక మీదున్న అమ్మమ్మ ఇత్తడి కెటిల్‌ని, ఎవరైనా వస్తుంటే వాళ్ళతో పంపించమంది. "అందులో అల్లం టీ కాచుకుని తాగాలనుందే" అంది. తణుకులో ఇల్లు సర్దడానికి వెళ్ళినప్పుడు దించాను. అమ్మమ్మ సారె సామానంతా దగ్గర్లోని అజ్జరంలో చేయించిందేనట.

చింతపండు పెట్టి తోమితే పైన బంగారంలా మెరిసింది. మూత తీసి ఫోన్ టార్చ్ వేసి చూశాను. అడుగున అరచేయంత మేర కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయి ఇత్తడి బయటపడింది. అంచుల్లో ఆకుపచ్చ చిలుము. కొమ్ము అతికిన చోట చుట్టూ బూడిదరంగు పట్టీ ఒకటి ఉంది. పిన్నీసుతో గీస్తే మెత్తగా గాటు పడింది.

పులుసు కాసేపు ఉంటే ఇత్తడి గిన్నె చిలుమెక్కుతుందని అందరికీ తెలిసిందే. ఇత్తడిలోని రాగి, జింకు పులుపుకి కరిగి దిగుతాయి. మధ్యలో తగరం పొర ఉంటే ఆ బాధ లేదు. పాలు పోసిన టీలో పులుపు తక్కువే. కాబట్టి కళాయి వేయిస్తే సరిపోతుందనుకున్నాను.

బజారులో ఇంకా ఆ పని చేసే పెద్దాయన ఒకరున్నారు. నేను వెళ్ళేసరికి కొలిమి మీద బిర్యానీ గుండిగ ఒకటి కాలుతోంది. నవసాగరం చల్లారు, తెల్లటి పొగ లేచి ముక్కు మండిపోయింది. తగరం కడ్డీ అలా తాకించి దూదితో గిర్రున తిప్పేసరికి, నల్లటి గుండిగ లోపలంతా అద్దంలా అయింది. ఎంతసేపైనా చూడాలనిపించే పని అది. నా కెటిల్ తీసుకుని మాత్రం ఆయన లోపలికి చూడనే లేదు. కొమ్ము మొదలు బొటనవేలితో తడిమి, "దీన్ని కొలిమి మీద పెట్టనమ్మా. పెడితే కొమ్ము ఊడి నా చేతికొస్తుంది. ఇది సీసం టంకం" అన్నారు.

తగరం కరగాలంటే 232 డిగ్రీల వేడి కావాలి. కొమ్ముని అతికించడానికి వాడే, సీసం, తగరం కలిపిన టంకం 183 దగ్గరే కరగడం మొదలవుతుంది. నీళ్ళున్న కెటిల్ వంద దాటదు గనక ఇన్నేళ్ళూ కొమ్ము నిలిచింది. కానీ పోసిన ప్రతి గ్లాసు టీ ఆ టంకాన్ని రాసుకుంటూనే బయటికొచ్చింది.

సీసం నీళ్ళలో దిగితే రంగు మారదు, వాసన రాదు. ఇంతవరకైతే ఫరవాలేదనే హద్దే దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన తాగునీటి ప్రమాణాల్లో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. అన్నిటికంటే చిన్నపిల్లల మెదడుకి చేటు. అక్కకి ఇద్దరు పిల్లలు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా, బయటినుంచి వచ్చే కొన్ని ఇత్తడి, అల్యూమినియం, ఇండాలియం (అల్యూమినియం మిశ్రమం) గిన్నెల నుంచి సీసం దిగుతోందని హెచ్చరించింది.

అమ్మకి చెబితే, "మేమంతా అందులో తాగి పెరిగినవాళ్ళమేగా, ఏమైందే?" అంది.

"ఏమీ కాలేదని మనకెలా తెలుసమ్మా?" అన్నాను. అమ్మ మళ్ళీ మాట్లాడలేదు.

మీ ఇంట్లో ఇలాంటి కెటిల్ ఉంటే ముందు కొమ్ము మొదలు చూడండి. బూడిదరంగు మెత్తటి మాటు (టంకం అతుకు) కనిపిస్తే కాచడానికే కాదు, పోసుకోవడానికి కూడా వాడకండి. అలాంటి మాటు ఎక్కడా లేకుండా, కళాయి నిండుగా ఉంటే కాచుకోవచ్చు. ఆ కళాయి కూడా స్వచ్ఛమైన తగరంతోనే వేయించండి, అందులోనూ సీసం కలిపేవాళ్ళున్నారు. అల్యూమినియం కెటిల్‌లో నిమ్మరసం టీ వద్దు, లోపల నల్లటి గుంటలు పడితే పక్కన పెట్టేయండి. బోరు నీళ్ళకి అడుగున తెల్లగా పేరుకునేది వట్టి సున్నమే, దానికి భయపడక్కర్లేదు.

అక్కకి వీడియో కాల్‌లో ఆ మాటు చూపించాను. కాసేపు ఊరుకుని, "సరే, స్టీల్ గిన్నెలోనే కాచుకుంటాలే. దాన్ని మాత్రం పారేయకు" అంది. పారేయలేదు. ఒక అట్టముక్క మీద "కొమ్ము దగ్గర సీసం ఉంది, ఇందులో టీ కాచవద్దు" అని రాసి, మూత పిడికి దారంతో కట్టి మళ్ళీ అటకెక్కించాను. రేపు మా పిల్లలు దించితే చెప్పడానికి పక్కన నేనుండకపోవచ్చు.