ఊపి చూసి తీసుకో

అంతర్వేది వెళ్తున్నానంటే అమ్మ స్వామి దర్శనం ఊసే ఎత్తలేదు. "వచ్చేటప్పుడు అంబాజీపేటలో నాలుగు కురిడీ కాయలు తే. ఊపి చూసి తీసుకో" అంది, అంతే.

పాలకొల్లులో ఫ్రెండ్ బైక్ అడిగి తీసుకుని నరసాపురం రేవుకి చేరేసరికి పంటు, అంటే బళ్ళనీ మనుషుల్నీ గోదారి దాటించే పడవ, అప్పుడే కదిలింది. రేవులో పడిగాపులు పడి తర్వాతది ఎక్కాను. బైకులు, పాల క్యాన్లు, అరటి గెలలు, ఒక కారు. పక్కనున్నావిడ లేసు అల్లుతోంది. చూపు గోదారి మీద, చేతిలో సూది మాత్రం ఆగట్లేదు. "చూడకుండా ఎలా అల్లుతారండీ?" అన్నాను. "చూస్తే లెక్క తప్పుద్దండి" అంది. సఖినేటిపల్లి ఒడ్డు తగిలేలోగా పువ్వుకి రెండు రేకులు వచ్చాయి.

అంతర్వేదిలో గుడి చూసుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరికి వెళ్ళాను. గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటది. సరిగ్గా సముద్రం పోటు మీద ఉంది. గట్టేదో నీళ్ళేవో తెలియలేదు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన నా ఫోన్ వంక చూసి నవ్వాడు. "పాటు మీద రావాలండి, నీళ్ళు తగ్గినప్పుడు." ఫొటోలన్నీ బురదనీళ్ళే.

రాజోలు, తాటిపాక ఆగకుండా దాటేశాను. పి.గన్నవరం అక్విడెక్టు మీద మాత్రం బండి ఆపాల్సిందే. కింద గోదారి ఇంకో పాయ వైనతేయ, దాని మీదుగా పంట కాలువ, పక్కనే మనం. నది మీద నుంచి ఇంకో నీరు వెళ్తుంటే ఎంతసేపైనా చూడొచ్చు.

అంబాజీపేట చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరంతా కొబ్బరి వాసన. కొట్టాయన కురిడీ అంటే ఏంటో చెప్పాడు. ముదురు కాయల్ని పీచుతోనే నెలల తరబడి అటక మీద ఆరబెడతారు. లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండ్రంగా విడిపోతుంది. ఊపితే గడగడమనాలి. గండేరా, గటగట అని రకాలు కూడా ఉన్నాయి. ఒక్కో కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. నాకన్నీ ఒకేలా వినిపించాయి. ఆయన జాలిపడి మూడు ఏరిచ్చాడు. నాలుగోది నేనే ఏరుకున్నాను, పౌరుషానికి.

ఇంటికొచ్చాక అమ్మ సంచిలోంచి ఒక్కోటీ తీసి ఊపింది. మూడు పక్కన పెట్టింది. నాలుగోది రెండోసారి ఊపి, నా వైపు చూసి, "ఇది పచ్చడికి పనికొస్తుందిలే" అంది.