డ్యూటీ ఫ్రీలో నాకు మిగిలిన డబ్బులు

2024లో షార్జాలో ఉన్న మా అక్క దగ్గరికి బయల్దేరే ముందు, తిరుపతి గాంధీ రోడ్డులో మూడు షాపులు తిరిగి ఒక చీటీ మీద ధరలు రాసుకున్నాను. నాకు కావాల్సిన పర్ఫ్యూమ్ 100 ఎం.ఎల్. సీసా 7,200 రూపాయలు. దాని కింద చాక్లెట్లు, బాదంపప్పు. మన ఊరి ధర తెలియకపోతే, ఎయిర్‌పోర్టులోని డ్యూటీ ఫ్రీలో, అంటే పన్ను లేకుండా అమ్మే షాపులో, "ఆఫర్" అని రాసినదల్లా చవకే అనిపిస్తుంది.

షార్జాలో అక్క నన్ను సూపర్ మార్కెట్‌కు తీసుకుపోయింది. "ఒరేయ్, చాక్లెట్లు, బాదం ఈడే కొనుక్కో, ఎయిర్‌పోర్టులో ముట్టుకోవద్దు" అంది. ఆమె మాటే నిజమైంది. 48 దిర్హామ్‌లకు కొన్న చాక్లెట్ డబ్బాయే దుబాయ్ విమానాశ్రయం డ్యూటీ ఫ్రీలో 69. ఆలోచిస్తే కారణం తెలిసింది. అక్కడ వ్యాట్ 5 శాతమే. ఆ కాస్త పన్ను తీసేసినా, ఎయిర్‌పోర్టు షాపు ధర బయటికంటే ఎక్కువే ఉండొచ్చు. పన్ను భారీగా పడే మద్యం, సిగరెట్లు, మన దగ్గర దిగుమతి సుంకంతో వచ్చే పర్ఫ్యూమ్ లాంటి వాటిలోనే తేడా బాగా కనిపిస్తుంది.

ఆ డ్యూటీ ఫ్రీలోనే నా 100 ఎం.ఎల్. పర్ఫ్యూమ్ 240 దిర్హామ్‌లు. పక్కనే 50 ఎం.ఎల్. సీసాలు రెండు కలిపి "స్పెషల్ ప్యాక్" అని పెట్టారు. లెక్కేస్తే ఎం.ఎల్.కు ఆ ప్యాకే ఎక్కువ పడుతోంది. పెద్ద సీసా తీసుకుని బిల్లు దగ్గరికి వెళ్లాను. కార్డు మెషీన్ మీద రెండు వరుసలు వచ్చాయి: దిర్హామ్‌లలో 240, రూపాయల్లో 5,745. అలవాటైన రూపాయల మీదికే వేలు పోతుంది. నేను దిర్హామ్‌లే నొక్కాను. నా కార్డుకు ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ డబ్బులో కడితే బ్యాంకు వేసే అదనపు చార్జీ, లేదు కాబట్టి దాదాపు 5,470 రూపాయలే కట్ అయింది. ఒక్క బటన్‌తో దాదాపు 275 మిగిలాయి! మామూలు కార్డుల్లో చాలావాటికి 3.5 శాతం దాకా మార్కప్, దాని మీద జీఎస్టీ ఉంటాయి. అది ముందే చూసుకోవాలి.

చెన్నైలో దిగేసరికి బిల్లులన్నీ చొక్కా జేబులో ఉన్నాయి. అప్పటి రూల్ ప్రకారం తెచ్చిన వస్తువుల విలువ మనిషికి 50,000 వరకు సుంకం లేదు. భార్యాభర్తల పరిమితి కలిపి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకోవడం కుదరదు. మద్యం 2 లీటర్లే. సుంకం కట్టాల్సినవి లేనివాళ్లు పోయే గ్రీన్ చానల్‌లో నన్నెవరూ ఆపలేదు.

నాతో దిగిన ఒకాయన చెన్నై నుంచి నేరుగా తిరుమల కొండకు పోతున్నారు. విమానం దిగాక వచ్చే అరైవల్స్ డ్యూటీ ఫ్రీ షాపులో మద్యం సీసా చేతికి తీసుకుని మళ్లీ పెట్టేశారు. అలిపిరి తనిఖీలో మద్యం, సిగరెట్లు పైకి పోనివ్వరని ఆయనకు గుర్తుంది. మంచి పని చేశారు.

నా చీటీ ఇప్పుడు మా పక్కింటి అబ్బాయి దగ్గరుంది. వచ్చే నెల కువైట్ పోతున్నాడు. ధరలు పాతవైపోయాయి, మళ్లీ గాంధీ రోడ్డుకు పోయి కొత్తవి రాసుకోమని చెప్పాను.