పలకరింపుల పొలిమేరల్లో

చిత్తూరులో బస్సెక్కితే గంట, గంటన్నరలో వేలూరు. ఆ కాస్త దూరంలోనే ‘రండి’ కాస్తా ‘వాంగ’ అయిపోతుంది. తెలుగు నేల చుట్టూ ఒక చుట్టు చుట్టి, పక్క భాషలవాళ్ళు రోజూ ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారో చెవులారా వినాలని బయల్దేరిన ప్రయాణం ఇది. వేలూరు, బళ్ళారి, కలబురగి (పాత పేరు గుల్బర్గా), సోలాపూర్, పండరిపురం, అక్కణ్ణుంచి జగదల్‌పూర్, కోరాపుట్, చివరికి అరకు మీదుగా విశాఖ. వీలైనంతవరకు బస్సులూ ప్యాసింజర్ రైళ్ళే. పలకరింపులు వినాలంటే అవే సరైన చోట్లు.

తమిళం అనగానే మనకు ‘వణక్కం’ గుర్తొస్తుంది. వేలూరులో ఒక పూట గడిపితే తెలిసేది, ఆ మాట వీధిలో అంతగా వినిపించదని. అది వేదికల మీదికి, కొత్త పరిచయాలకు, పెద్దమనుషుల ముందుకు. రోజూ చూసుకునేవాళ్ళు ‘వాంగ, ఉక్కారుంగ, సాప్టీంగళా?’ అనే అంటారు. రండి, కూర్చోండి, తిన్నారా? ఆ ‘ంగ’ మన ‘అండి’ లాంటిది. అది జారిపోతే ‘వా’ అంటే ‘రా’ అయి, పెద్దవాళ్ళ దగ్గర మొరటుగా ఉంటుంది. మనకు రెండు ముక్కల తమిళం వచ్చినా ఈ ‘ంగ’ మరిచిపోకూడదు. ‘వణక్కం’ పుట్టింది వణంగు, అంటే వంగడం, నుంచి. మన ‘వంగు’ దాని చుట్టమే. సంస్కృతంలో ‘నమస్’ వచ్చిన ధాతువు ‘నమ్’కీ అర్థం వంగడమే. రెండు భాషా కుటుంబాలు వేటికవి ఒకే కదలికను మాటగా చేసుకున్నాయి.

బళ్ళారిలో ఇబ్బంది ఇంకో రకం. అక్కడ చాలామందికి తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు, అందుకే పొరపాటు తొందరగా బయటపడదు. పొద్దున్న తొమ్మిదింటికి ఎదురైనవాళ్ళు ‘తిండి ఆయ్తా?’ అంటారు. కన్నడంలో తిండి అంటే పొద్దుటి పలహారం. మధ్యాహ్నానికి, రాత్రికి ‘ఊట ఆయ్తా?’. మనకు తిండి అంటే ఏ పూటదైనా తిండే కాబట్టి, మధ్యాహ్నం ఎవరినైనా ‘తిండి ఆయ్తా’ అని అడిగితే అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగి, టిఫిన్ సంగతి ఇప్పుడెందుకా అని చూస్తారు. జవాబు పొట్టిగా ఉండాలి: ‘ఆయ్తు, నిమ్దు?’. అయింది, మీది? ఏం తిన్నామో, ఎక్కడ తిన్నామో చెప్పక్కర్లేదు. ఇంటి గుమ్మంలో మాత్రం ‘ఇంకా లేదు’ అనేముందు ఆలోచించుకోవాలి. దారిలో అది పలకరింపే, గుమ్మంలో నిజమైన ప్రశ్న అవుతుంది. లేదన్న మరుక్షణం లోపల కంచం పెట్టేస్తారు. ఈ తేడా తమిళంలోనూ ఇంతే, తెలుగులోనూ ఇంతే. మరాఠీలో ‘జేవణ ఝాలం కా?’, ఒడియాలో ‘ఖాయిలేణి?’. ఈ చుట్టు మొత్తంలో తిన్నారా అని అడగని భాష ఒక్కటీ తగల్లేదు.

ఉత్తర కర్ణాటకకు వెళ్ళేసరికి ప్రతి మాట చివరా ‘రీ’ చేరుతుంది. ‘నమస్కార్ రీ’, ‘ఆరామ్ ఇద్దీరేన్రీ?’, ‘బర్రి’. బెంగళూరు వైపు ‘బన్ని’ అనేదే ఇక్కడ ‘బర్రి’. కలబురగిలో మనసు నిలిచిపోయింది మాత్రం ‘శరణు శరణార్థి’ దగ్గర. పన్నెండో శతాబ్దిలో బసవన్న వెంట నడిచిన శివశరణుల మాట అది. లింగాయతుల ఇళ్ళలో ఈనాటికీ చేతులు జోడించి ‘శరణు’ అంటారు, అవతలివాళ్ళు ‘శరణు శరణార్థి’ అంటారు. మన తెలంగాణ ఊళ్ళలో ‘శనార్థులు’ అనేది ఇదే మాట, నోళ్ళలో నలిగి ‘ర’ జారిపోయింది. శనార్థి అంటే ఏమిటో తెలియక యాసగా కొట్టిపారేసేవాళ్ళు ఒక్కసారి కలబురగి వెళ్ళి వినాలి. తొమ్మిది వందల ఏళ్ళ భక్తి ఉద్యమం పొద్దుటి పలకరింపులో బతికి ఉంది.

అదే ఊళ్ళో 1422లో కన్నుమూసిన సూఫీ గురువు ఖాజా బందే నవాజ్ దర్గా ఉంది. అక్కడి సలాంకు కచ్చితమైన వరస ఉంది. వాహనం మీద వచ్చేవాళ్ళు నడిచేవాళ్ళకు, నడిచేవాళ్ళు కూర్చున్నవాళ్ళకు, కొద్దిమంది ఎక్కువమందికి ముందుగా చెప్పాలి. జవాబు, వచ్చిన సలాం కంటే తగ్గకూడదు. ‘అస్సలాము అలైకుం’ అని పూర్తిగా చెప్పినవాళ్ళకు తల ఊపి ఊరుకోవడం లోటే. ‘వ అలైకుం అస్సలాం’ అని మాట పెదవి దాటి రావాలి.

సోలాపూర్‌లో తెలుగు వినిపిస్తుంది, పద్మశాలీల ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. ఊరు దాటి పల్లెల్లోకి వెళ్తే ‘రామ్ రామ్’. రెండుసార్లు అనాలి, ఒక్క ‘రామ్’ అంటే పలకరింపు కాదు. కొత్తవాళ్ళకు ‘రామ్ రామ్ పావ్హణం’ అంటారు, పావ్హణం అంటే అతిథి. ఈ రామ్ రామ్ మన ఆదిలాబాద్ గోండు గూడేల్లోనూ, లంబాడీ తండాల్లోనూ వినిపించేదే.

అక్కణ్ణుంచి సుమారు 70 కిలోమీటర్లు పండరిపురం. ఈ ప్రయాణంలో అన్నిటికంటే నేర్చుకోవలసిన పలకరింపు ఇక్కడుంది. మెడలో తులసిపూసలు, నుదుట గోపీచందనం ఉన్న వార్కరీలు, అంటే విఠలుణ్ణి కొలుస్తూ పండరికి నడిచి వచ్చే భక్తులు, ఇద్దరు ఎదురైతే ఒకరి పాదాలు ఒకరు తాకుతారు. ఇద్దరూ ఒకేసారి వంగి, ఎదుటివాళ్ళ పాదాలు ముట్టుకుని, ఆ చెయ్యి నుదుటికి ఆనించుకుని, ‘మావులీ’ అనో ‘రామకృష్ణ హరి’ అనో అంటారు. మావులీ అంటే తల్లి. భక్తకవి జ్ఞానేశ్వరుణ్ణి వాళ్ళు పిలుచుకునే పేరు అదే. అరవై ఏళ్ళ మనిషి పదహారేళ్ళ కుర్రాడి పాదాలు తాకుతాడు. కులం, వయసు, చదువు అడ్డురావు.

మనవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. పెద్దాయన ఎవరైనా మన కాళ్ళకు వంగితే మనం అదిరిపడి ‘వద్దు వద్దు’ అంటూ భుజాలు పట్టి లేపుతాం. మన మర్యాదలో అది సరే. అక్కడ మాత్రం అది చాచిన చేతిని తోసేయడం లాంటిది. కదలకుండా నిటారుగా నిలబడడం ఇంకా తప్పు, మొక్కు అందుకుని తిరిగి ఇవ్వనట్టు అవుతుంది. చెయ్యాల్సింది ఒక్కటే, మనమూ వెంటనే వంగాలి. నేరుగా వంగితే తలలు తగులుతాయి, కొంచెం కుడిపక్కకు జరగాలి. భుజాన సంచీ ఉంటే ముందే వెనక్కి తోసుకోవాలి, లేకపోతే జారి ఎదుటివాళ్ళ తలమీద పడుతుంది. నడుము సహకరించకపోతే మోకాలు కొద్దిగా వంచి చేయి కిందికి చాచినా చాలు, వాళ్ళు అర్థం చేసుకుంటారు.

నాగపూర్, రాయపూర్ దాటి జగదల్‌పూర్‌కు రెండు రోజులు. అక్కడ ‘జై జోహార్’, కోరాపుట్ వైపు ‘జుహార్’. తెలుగువాళ్ళ నోరు ఇక్కడ తడబడుతుంది. మనం జోహార్లు చెప్పేది పోయినవాళ్ళకు. అమరవీరులకు జోహార్, నాయకుడి శవయాత్రలో జోహార్. ఇక్కడ సంతలో అల్లం అమ్ముకునే అవ్వకు జుహార్, బడికెళ్ళే పిల్లాడికి జుహార్. నెత్తిన మూటతో వెళ్ళే ఆడవాళ్ళు చేతులు జోడించలేరు కదా, గడ్డం కొద్దిగా దించి మాట అంటారు, అంతే. జవాబు కూడా అదే మాట. వెనకాడి ‘నమస్తే’ అంటే తప్పేమీ లేదు, తిరిగి ‘నమస్తే’ అంటారు, కాకపోతే ఆ గొంతు ఆఫీసు గొంతవుతుంది. జుహార్ అంటే జుహార్ వస్తుంది, దాని వెంట ఎక్కడ నుంచి, ఎవరింటికి అనే ప్రశ్నలూ వస్తాయి.

ఒడియావాళ్ళు గౌరవానికి ‘ఆజ్ఞా’ అంటారు, పలికేటప్పుడు ‘ఆగ్యా’లా వినిపిస్తుంది. ‘నమస్కార్ ఆజ్ఞా’. అక్కను ‘అపా’ అంటారు. కర్ణాటకలో ‘అప్ప’ తండ్రి కాబట్టి, ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు కంగారుపడతారు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు ఆ ఇబ్బంది లేదు, వాళ్ళ ‘అప్ప’ కూడా అక్కే.

కోరాపుట్ నుంచి విశాఖ వైపు వచ్చే కిరండూల్ ప్యాసింజర్ కోసం ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే, వీడ్కోళ్ళు వినడానికి అంతకంటే మంచి చోటు లేదు. వేలూరు నుంచి వింటూ వచ్చిన మాటే అక్కడా వినిపించింది. తమిళంలో ‘పోయిట్టు వరేన్’, కన్నడంలో ‘హోగి బర్తీని’, మనకు ‘వెళ్ళొస్తాను’. ఎవరూ ఉత్తినే ‘పోతున్నాను’ అనరు, అంటే ఇంట్లో పెద్దవాళ్ళు అక్కడికక్కడే దిద్దుతారు. తిరిగిరాని పోక ఒక్కటే, ఆ మాట గుమ్మంలో అనకూడదు. మరాఠీవాళ్ళు వెళ్ళడమన్న మాటే తీసేశారు. మగవాళ్ళు ‘యేతో’, ఆడవాళ్ళు ‘యేతే’ అంటారు, రెండిటికీ అర్థం ‘వస్తాను’ అనే. ఈ ఓ, ఏ తేడా తెలుగువాళ్ళు తరచు తప్పుతారు, మన ‘వస్తాను’లో ఆడామగా తేడా లేదు కనుక.

రైలు కదలబోతుంటే కిటికీలోంచి ఒక చిన్నపిల్ల ‘జాఉఛి’ అంది, వెళ్తున్నా అని. పక్కనున్న అమ్మమ్మ వెంటనే ‘ఆసుఛి కహ’ అంది. వస్తున్నా అను. పిల్ల మళ్ళీ అంది. కింద నిలబడ్డవాళ్ళు చెయ్యెత్తి ‘హఉ, ఆస’ అన్నారు. సరే, రా.